పాసంగం

యాభై సీట్ల విమానానికి
జనం పల్చబడ్డ రోజున ముక్కు బరువెక్కుతుంది.
అప్పుడు తలుపు దగ్గర తల వంచి నిలబడి
నేను అడగాలి:
"ఇద్దరు పన్నెండో వరుసకి జరుగుతారా, కాస్త?"

కోస్కి హార్బర్‌లో ఆ మాటకి ఎవరూ నొచ్చుకోలేదు.
లెంపీ హార్యు అయితే కోటు దులుపుకుని ముందే లేచేది,
"నా ఒంటి బరువు అక్కరకొచ్చేది ఈ ఒక్కచోటే" అంటూ.
నెలకో మంగళవారం ఆమెకి మినియాపొలిస్‌లో కంటికి సూది.
పొద్దున ఆరూ పదికి వెళ్ళి
రాత్రి తొమ్మిదికి దిగేది,
ఒక కంటికి పట్టీ,
రెండో కంటితో మెట్ల కింద నన్ను వెతుక్కుంటూ.

మా తాత రేవులో చేపలు తూచేవాడు.
ఆయన తక్కెడలో ఒక పళ్ళెం ఎప్పుడూ పైకి లేచేది.
దానికి సుపీరియర్ సరస్సు గులకరాయొకటి కట్టాడు.
పాసంగం.
చేప కాదు, పడికట్టు రాయీ కాదు,
అమ్మేదీ కొనేదీ కాదు,
అది ఊడితే మాత్రం తూకమంతా అబద్ధం.

పందొమ్మిది శీతాకాలాలు ఆ రెక్కల మీది మంచు కడిగాను.
చేతి తొడుగులకి ఆ మందు తీపివాసన
ఇంట్లో రొట్టె కోస్తున్నా పోయేది కాదు.
పైన అరల్లో పెట్టెలు పట్టవు గనక
మెట్ల దగ్గరే నా చేతికిచ్చేవాళ్ళు.
చీకట్లో పిడి తడిమి చెప్పగలను ఎవరిదో:
ఆర్వో మాకి ఐసు డబ్బా, లోపల చేపల పొలుసులు, పరీక్షకి.
బసూన్ వాయించే పిల్ల డెలైనా మాత్రం
తన పెట్టె నాకెన్నడూ ఇవ్వలేదు,
పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఎగిరింది.

ఎడమవైపు అన్నీ ఒంటి సీట్లు.
భార్య పోయాక వాల్‌ఫ్రిడ్ సారి అవే అడిగేవాడు.
"పక్క సీటు ఖాళీగా ఉంటే చూడలేను,
పక్కన అసలు సీటే లేకపోతే
ఏం ఫరవాలేదు."

ఆగస్టులో కంపెనీ ఉత్తరం వచ్చింది.
డెబ్బై ఆరు సీట్లు. తల వంచక్కర్లేదు.
మోకాళ్ళకి చోటు, పెట్టెకి చోటు, కాఫీ వేడిగా.
మేయరు కేకు కోసింది. నేనూ తిన్నాను, రెండు ముక్కలు.
మంచి విమానమే, అబద్ధమెందుకు చెప్పాలి.
కింద చిన్న అక్షరాల్లో ఉంది:
మూడు ట్రిప్పులకు బదులు ఒకటి,
మధ్యాహ్నం.

లెంపీ వేళ్ళు మడిచి లెక్కేసింది.
సూది ఒకటి, హోటల్లో రాత్రులు రెండు.
"కంటికంటే దిండుకే ఎక్కువవుతోంది" అంది,
నవ్వుతుందేమోనని చూశాను.
సరస్సు వైపు తిరిగిపోయింది.

చివరి చిన్న విమానానికి పదకొండు మంది.
కాక్‌పిట్‌లోంచి కెప్టెన్ యోలాండా వేళ్ళు చూపింది: ఇద్దరు.
తల వంచి అడిగాను.
నలుగురు లేచారు.
"ఇద్దరు చాలు, కూర్చోండి, ఇప్పుడు తోక బరువెక్కుతుంది,"
నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

కొత్తది వచ్చిన రోజు వాన.
సొరంగంలాంటి దారిలోంచి నడిచి ఎక్కారు,
ఎవరి మీదా చినుకు పడలేదు,
ఎవరి పెట్టే నా చేతికి రాలేదు.
ఇరవై మూడు మంది.
అలవాటుగా తలుపు దాకా వెళ్ళాను. నోటి దాకా వచ్చింది.
పైలట్, బాగా చిన్నవాడు, మర్యాదగా అన్నాడు:
"ఎక్కడ కూర్చున్నా ఒకటేనండీ. దీనికి తెలియను కూడా తెలియదు."

మనుషుల్ని తీసిపారేసేటప్పుడు అంటాం కదా,
పాసంగానికి కూడా సరిపోరని.

నాలుగో వరుసలో వాల్‌ఫ్రిడ్, పక్కన ఖాళీ సీటు.
దాని మీద టోపీ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.
"ఎవరినైనా జరగమంటావా?"
అక్కర్లేదన్నాను.
కాసేపు ఆలోచించి
టోపీ చేతిలోకి తీసుకుని
ఒక్కో సీటు వీపూ పట్టుకుంటూ
పన్నెండో వరుసకి నడిచాడు.

విమానం
ఇసుమంతైనా కదల్లేదు.